ఆఫీసులో రస్ట్ పెడదామంటే మేనేజర్‌ని ఒప్పించడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుని, ఇంట్లో రెండు మూడు చిన్న ప్రోగ్రాములు రాసి, "ఇది మా ఆఫీసులో ఉంటే ఎంత బాగుండు" అనుకున్నవాళ్లు దాదాపు ఒకేరకం సందేహాలు అడుగుతున్నారు. హైదరాబాద్‌లో పైథాన్, జావా టీముల్లో పనిచేసేవాళ్లే వీళ్లలో ఎక్కువ. అందుకే అన్నీ ఒకచోట పెట్టాను. ఉదాహరణలు రస్ట్‌వే అయినా గో, కోట్లిన్, ఎలిక్సిర్ లాంటి వేరే భాషల కోసం ప్రయత్నించేవాళ్లకీ చాలావరకు పనికొస్తాయి. ఎవరికి కావాల్సిన ప్రశ్న దగ్గరికి వాళ్లు నేరుగా వెళ్లొచ్చు. అందుకని కొన్ని మాటలు ఒకటికి రెండుసార్లు కనిపిస్తాయి.

మేనేజర్‌కి భాషతో పేచీ ఉండదు. మీరు కంపెనీ మారాక ఆ కోడ్ ఎవరు చూస్తారన్నదే దిగులు. ఆ దిగులు న్యాయమైనదని నేను గట్టిగా నమ్ముతాను. కింది జవాబులన్నీ ఆ నమ్మకంతో రాసినవే.

## అడగకముందు

నాకు రస్ట్ చాలా నచ్చింది. అడగడానికి ఆ కారణం చాలదా?

చాలదు. నచ్చింది కాబట్టే రాత్రి పన్నెండింటిదాకా కూర్చుని కంపైలర్ ఎర్రర్లన్నీ ఓపిగ్గా చదువుతారు, ఆ ఇష్టం మీకు అవసరం. మేనేజర్‌కి కావాల్సింది వేరు. టీంలో అందరూ ఇప్పటికే మొత్తుకుంటున్న ఇబ్బంది ఒకటి ఉండాలి: రాత్రి మొదలైన బ్యాచ్ జాబ్ తెల్లారినా పూర్తికావట్లేదు, నెలాఖరులో సర్వర్ మెమరీ నిండి పడిపోతోంది, క్లౌడ్ బిల్లు ఎందుకింత వచ్చిందని పైవాళ్లు అడుగుతున్నారు. అలాంటిదేదీ లేకపోతే ఈ క్వార్టర్‌లో అడగకండి.

ఏ పనికి రస్ట్ అడగొచ్చు? దేనికి అడగకూడదు?

ప్రాసెసర్ నిజంగా కష్టపడే పనులకి అడగండి. పెద్ద ఫైళ్లు పార్స్ చేయడం, లక్షల లావాదేవీలు సరిపోల్చడం, కంప్రెషన్, బయటినుంచి వచ్చే నమ్మలేని డేటాని చదవడం లాంటివి. సగటున బాగానే ఉంటూ అప్పుడప్పుడూ రెస్పాన్స్ టైం ఎగిరిపడే సర్వీసులు కూడా ఈ కోవలోవే. దీనికి చాటింగ్ యాప్ డిస్కార్డ్ మంచి ఉదాహరణ. ఏ యూజర్ ఏ మెసేజ్ దాకా చదివాడో గుర్తుపెట్టుకునే సర్వీసుని వాళ్లు గోలో రాసుకున్నారు. వాడేసిన మెమరీని ఏరి ఖాళీచేసే గార్బేజ్ కలెక్టర్ ఎంత లేదన్నా రెండు నిమిషాలకోసారి నడిచేది, నడిచినప్పుడల్లా ఆలస్యం పెరిగేది. ఆ ఒక్క సర్వీసుని రస్ట్‌కి మార్చామని 2020లో చెప్పారు. డిజైన్ టూల్ ఫిగ్మా 2018లో ఇంకా జాగ్రత్తగా అడుగేసింది: ఒకే డిజైన్ మీద పదిమంది ఒకేసారి పనిచేసేటప్పుడు బరువు మోసే భాగాన్ని మాత్రమే రస్ట్‌కి మార్చి, నెట్‌వర్క్ భాగాన్ని నోడ్ జేఎస్‌లోనే వదిలేసింది.

ఫారాలు, అప్రూవల్ స్క్రీన్లు, రిపోర్టు పేజీలకి అడగకండి. అక్కడ సమయమంతా డేటాబేస్ దగ్గరే పోతుంది, రస్ట్‌లో రాసినా ఆ క్వెరీ అంతసేపూ పడుతుంది. ఎక్కడ పోతోందో ఊహించకుండా ప్రొఫైలర్ పెట్టి చూడండి. పైథాన్‌కి పై-స్పై ఉంది, నడుస్తున్న ప్రాసెస్‌ని రీస్టార్ట్ చేయకుండానే లోపల ఏం జరుగుతోందో చూపిస్తుంది. అది రాసింది కూడా రస్ట్‌లోనే.

ముందు ఉన్న భాషలోనే బాగుచేసి చూడాలా?

చూడాలి, చూసినట్టు రాసిపెట్టుకోవాలి. డేటాబేస్‌లో ఇండెక్స్ వేశారా, లూప్‌లో ఒక్కొక్క వరుసకీ వెళ్తున్న క్వెరీలని కలిపారా, లెక్కల లైబ్రరీ నమ్‌పైతో అయ్యే పనిని మామూలు పైథాన్ లూప్‌తో చేస్తున్నారా? ఇవి చేయగానే సమస్య తీరితే మంచిదే, టీం బాగుపడింది. ఇవన్నీ చేసినా తీరలేదంటే, "మేం ఇవీ ఇవీ చేశాం, ఇక్కడిదాకా వచ్చి ఆగాం" అన్న ఆ చిన్న జాబితా మీ చేతిలో ఉన్న అన్నిటికంటే బలమైన కాగితం. ఇది లేకుండా వెళ్తే మీటింగ్‌లో మొదటి ప్రశ్న దగ్గరే మాట ఆగిపోతుంది.

నాకు రస్ట్ ఎంత వస్తే అడగొచ్చు?

ఒక కంపైల్ ఎర్రర్‌ని పక్కవాళ్లకి అర్థమయ్యేలా చెప్పగలిగితే చాలు. ఎర్రర్ వస్తే ప్రోగ్రాంనే ఆపేసే అన్‌రాప్‌లతో నెట్టుకురాకుండా ఎర్రర్లని రిజల్ట్ టైపుతో పద్ధతిగా పైకి పంపడం, టెస్టులు, లాగింగ్, డాకర్ ఇమేజ్ తయారుచేయడం వచ్చి ఉండాలి. లైఫ్‌టైముల (ఒక రిఫరెన్స్ ఎంతసేపు చెల్లుతుందన్న లెక్క) లోతులు, మాక్రోలు (కోడ్‌ని పుట్టించే కోడ్) రాయడం ఇప్పుడే అక్కర్లేదు.

టీంలో రస్ట్ తెలిసింది నేనొక్కదాన్నే. ముందు ఎవరితో మాట్లాడాలి?

రెండో మనిషిని వెతకండి. మేనేజర్ దగ్గరికి వెళ్లేముందే రెండో మనిషి ఉండాలి, ఎందుకంటే మీ కోడ్‌ని రివ్యూ చేయడానికి కనీసం ఒకరు కావాలి. ఆసక్తి ఉన్న జూనియర్ అయినా ఫరవాలేదు. ఆ తర్వాత సర్వర్లు చూసుకునేవాళ్లతో మాట్లాడండి. కొత్త బైనరీ వస్తే అర్ధరాత్రి ఫోన్ మోగేది వాళ్లకే. ఆర్కిటెక్ట్ ఉంటే ఆయనకీ విడిగా ముందే చెప్పండి. ఇలాంటి విషయం పదిమందిలో మొదటిసారి విన్నవాళ్లు సాధారణంగా వద్దనే అంటారు, తర్వాత ఆ మాట మార్చుకోవడం వాళ్లకీ ఇబ్బందిగా ఉంటుంది.

## మొదటి మాట

ఎప్పుడు అడగాలి?

ఒన్ ఆన్ ఒన్‌లో, లేదా వచ్చే క్వార్టర్ ప్లాన్ వేసుకునే రోజుల్లో. రిలీజ్ వారంలో వద్దు, స్టాండప్‌లో వద్దు, అప్రైజల్ మాటల్లో అసలే వద్దు. ప్రొడక్షన్‌లో ఏదైనా పడిపోయి, దాని కారణాలు రాసుకునే సమయం మంచిదే కానీ ఒక జాగ్రత్త ఉంది: పడిపోయిన కోడ్ రాసినవాళ్లు అదే గదిలో ఉంటారు. వాళ్ల కోడ్‌ని తప్పుపట్టి మీ భాషని నిలబెట్టకండి.

మా మేనేజర్ కోడ్ రాయడం మానేసి చాలా ఏళ్లయింది. ఏ డేటా ఎవరిదో, ఎవరు వాడుకోవచ్చో కంపైలర్ చూసే నియమాలు, అంటే ఓనర్‌షిప్, బారో చెకర్ ఎలా వివరించాలి?

వివరించకండి. వాటివల్ల ఒరిగేది చెప్పండి. "సార్, ఈ జాబ్ ఇప్పుడు నాలుగు ప్రాసెస్‌లుగా నడుస్తోంది, ఒక్కోటీ మొత్తం డేటాని మెమరీలో విడిగా పెట్టుకుంటోంది. రస్ట్‌లో ఒకే ప్రాసెస్‌లో థ్రెడ్లు పెట్టి, ఒకే కాపీని అందరూ చదివేలా చేయొచ్చు. రెండు థ్రెడ్లు ఒకే డేటాని ఒకేసారి మార్చే తప్పుని కంపైలరే ఆపేస్తుంది." ఈ మూడు వాక్యాలు మేనేజర్‌కి చాలు. ఇంకా అడిగితే అప్పుడు లోపలికి వెళ్లండి.

మైక్రోసాఫ్ట్, గూగుల్ చెప్పిన మెమరీ భద్రత అంకెలు చూపించనా?

మీ టీం సి, సి ప్లస్ ప్లస్ రాస్తుంటే తప్పకుండా చూపించండి. తమ ఉత్పత్తుల్లో ఏటా సరిచేసే భద్రతా లోపాల్లో సుమారు 70 శాతం మెమరీ తప్పులేనని (ప్రోగ్రాం తనది కాని మెమరీని చదవడం, మార్చడం లాంటివి) మైక్రోసాఫ్ట్ 2019లో చెప్పింది. ఆండ్రాయిడ్‌లో అలాంటి లోపాల వాటా 2019లో 76 శాతం ఉండగా 2024కి 24 శాతానికి దిగిందని గూగుల్ చెప్పింది. ఇందులో మేనేజర్‌కి ముఖ్యంగా వినిపించాల్సిన సంగతి ఒకటుంది: గూగుల్ పాత కోడ్‌ని మొత్తం తిరగరాయించలేదు, కొత్తగా రాసేదాన్ని మాత్రం మెమరీ భద్రత ఉన్న భాషల్లోకి మళ్లించింది. పాతదాన్ని ముట్టుకోకుండానే ఫలితం వచ్చింది.

మీది పైథాన్ లేదా జావా టీం అయితే ఈ అంకెలు పక్కనపెట్టండి. ఆ రెండు భాషల్లో ఈ రకం తప్పులు మామూలుగా జరగవు. విషయం తెలిసిన సీనియర్ ఒకరు "మనకి ఆ సమస్యే లేదు కదా" అంటే మీరు చెప్పే మిగతా మాటల బరువూ తగ్గిపోతుంది. మీ వాదన వేగం, మెమరీ వాడకం, థ్రెడ్ల మీదే ఉండాలి.

"పెద్ద కంపెనీలన్నీ వాడుతున్నాయి" అంటే ఒప్పుకుంటారా?

"మనం పెద్ద కంపెనీ కాదు" అంటారు, అది నిజమే. దానికంటే దగ్గరి ఉదాహరణ మీ ప్రాజెక్టులోనే ఉండొచ్చు. పైథాన్ టీం అయితే రిక్వైర్‌మెంట్స్ ఫైలు తెరిచి చూడండి. డేటాని సరిచూసే పైడాంటిక్ లైబ్రరీ రెండో వెర్షన్ 2023లో వచ్చింది, దాని లోపలి భాగం రస్ట్. క్రిప్టోగ్రఫీ లైబ్రరీలో 2021 నుంచీ రస్ట్ ఉంది. పట్టికల డేటాకి వాడే పోలార్స్, కోడ్‌లో తప్పులు చూపే రఫ్, ప్యాకేజీలు పెట్టే యూవీ కూడా రస్ట్‌లో రాసినవే. "మేడం, మన ప్రొడక్షన్‌లో రస్ట్ ఇప్పటికే నడుస్తోంది, మనం రాసింది కాదంతే" అని ఆ ఫైలు చూపించి చెప్పగలిగితే, రస్ట్ అంటే ఎక్కడో ఉన్న వింత వస్తువు అన్న భావన అక్కడే పోతుంది.

స్లైడ్లు తయారుచేయాలా?

ఒక్క పేజీ చాలు. అందులో ఉండాల్సినవి ఇలా రాయొచ్చు:

"రాత్రి రీకన్సిలియేషన్ (లావాదేవీలు సరిపోల్చే) జాబ్ ఉదయం బ్రాంచీలు తెరిచేలోపు పూర్తికావట్లేదు. ఇండెక్సులు వేశాం, క్వెరీలు కలిపాం, ఇంకా సరిపోవట్లేదు. సమయమంతా సరిపోల్చే ఫంక్షన్‌లో పోతోందని ప్రొఫైలర్ చూపిస్తోంది. ఆ ఒక్క ఫంక్షన్‌ని రస్ట్‌లో రాసి పైథాన్ నుంచి పిలవాలని అడుగుతున్నాం. మిగతా కోడ్ ఏదీ మారదు. పాత ఫంక్షన్ అలాగే ఉంటుంది, కాన్ఫిగ్‌లో ఒక విలువ మారిస్తే వెనక్కి వెళ్లిపోవచ్చు. ఇద్దరికి ఈ కోడ్ తెలుస్తుంది. ఫలానా తేదీకి కొలతలు చూపిస్తాం, బాగాలేకపోతే తీసేస్తాం."

ఇందులో రస్ట్ అన్న మాట ఒక్కసారే వచ్చింది. అలాగే ఉండనివ్వండి. వెనక్కి వెళ్లే దారి ఉన్న వాక్యం మాత్రం ఏ కారణంతోనూ తీసేయకండి.

## వాళ్లు చెప్పే అభ్యంతరాలు

"నువ్వు వెళ్లిపోతే ఎవరు చూస్తారు?" అన్నారు. నన్ను అనుమానిస్తున్నట్టు అనిపించింది.

బాధపడకండి, ఇది అడగడం మేనేజర్ ఉద్యోగంలో భాగం. మన ఊళ్లో నోటీస్ పీరియడ్ చాలాచోట్ల మూడు నెలలు. ఆ మూడు నెలల్లో సగం హ్యాండోవర్ కాల్స్‌తోనే గడిచిపోవడం అందరం చూశాం. వెళ్లినవాళ్ల కోడ్ వారసత్వంగా వచ్చి, దాని మీద వీకెండ్లు పోగొట్టుకున్న టీంని ఆ మేనేజర్ నడిపే ఉంటారు. "నేనెక్కడికీ వెళ్లను సార్" అని మాత్రం అనకండి. ఆ మాట చెప్పి వెళ్లినవాళ్లని ఆయన చూసి ఉంటారు.

మాటకి బదులు ఏర్పాటు చూపించండి. మొదటిది, మీరు సెలవులో ఉన్న వారంలో ఆ రెండో మనిషి ఒక చిన్న మార్పు చేసి, రివ్యూ చేయించి, డిప్లాయ్ చేయాలి. ఇది నిజంగా జరగాలి, కాగితం మీద పేరు రాస్తే సరిపోదు. రెండోది, టెస్టులు పైథాన్‌లోనే ఉంచండి. పాత ఫంక్షన్‌కీ కొత్త ఫంక్షన్‌కీ అవే టెస్టులు నడవాలి. అప్పుడు రస్ట్ రాని మనిషికి కూడా ఈ ముక్క ఏం చేయాలో తెలుస్తుంది, తప్పుచేస్తే పట్టుకోగలరు. మూడోది, పాత ఫంక్షన్‌ని తొందరపడి తీసేయకండి. ఈ మూడూ ఉంటే మీరు వెళ్లినరోజు టీం చేతిలో నెమ్మదిగానైనా నడిచే పాత దారి ఉంటుంది. కొత్త భాష విషయంలో మేనేజర్‌కి మీరివ్వగలిగిన అసలైన హామీ అదే అని నా అభిప్రాయం.

"రస్ట్ వచ్చినవాళ్లు దొరకరు, దొరికినా జీతం ఎక్కువ" అంటున్నారు. ఏం చెప్పాలి?

నిజమేనని ఒప్పుకోండి. హైదరాబాద్‌లో జావా ఉద్యోగానికి ప్రకటన వేస్తే వచ్చే రెజ్యూమేలు, రస్ట్‌కి వేస్తే రావు. ఒప్పుకున్నాక అడిగే పరిమాణం గుర్తుచేయండి: మీరడుగుతున్నది కొన్ని వందల లైన్ల ముక్క, దానికోసం కొత్తవాళ్లని తీసుకోనక్కర్లేదు. ఉన్న టీంలో ఇద్దరు నేర్చుకుంటే నడుస్తుంది. రస్ట్ టీం కట్టాలని మీరే అడుగుతుంటే మాత్రం ఈ అభ్యంతరం పూర్తిగా సరైనది, దానికి నా దగ్గర జవాబు లేదు.

"ఈ భాష ఐదేళ్ల తర్వాత ఉంటుందన్న గ్యారంటీ ఏంటి?"

దీనికి చరిత్రే జవాబు. గ్రేడన్ హోర్ 2006లో సొంత ప్రాజెక్టుగా మొదలుపెట్టారు, మొజిల్లా 2009లో చేయందించింది, 2015 మేలో 1.0 వచ్చింది. 2020 ఆగస్టులో మొజిల్లా పెద్దఎత్తున ఉద్యోగాలు తీసేసినప్పుడు రస్ట్ మీద పనిచేసేవాళ్లు కూడా పోయారు. ఒక్క కంపెనీ మీద ఆధారపడిన భాష అయితే అక్కడే ఆగిపోవాలి. కానీ 2021 ఫిబ్రవరిలో అమెజాన్ వెబ్ సర్వీసెస్, గూగుల్, హువావే, మైక్రోసాఫ్ట్, మొజిల్లా కలిసి రస్ట్ ఫౌండేషన్ పెట్టాయి. 2022 డిసెంబరులో వచ్చిన లినక్స్ 6.1 కెర్నెల్‌లో రస్ట్‌కి చోటు దొరికింది.

పాత కోడ్ సంగతి కూడా అడుగుతారు. రస్ట్‌లో పాత కోడ్‌కి భంగం కలిగించే మార్పులని ఎడిషన్లలో పెడతారు. 2015, 2018, 2021, 2024 అని నాలుగు ఎడిషన్లు వచ్చాయి. మీ ప్రాజెక్టు పాత ఎడిషన్‌లోనే ఉండిపోయినా కొత్త కంపైలర్ దాన్ని కంపైల్ చేస్తుంది, వేర్వేరు ఎడిషన్ల లైబ్రరీలు ఒకే ప్రోగ్రాంలో కలుస్తాయి. పైథాన్ 2 నుంచి 3కి మారడంలో కష్టపడిన మేనేజర్‌కి ఈ ఒక్క సంగతి బాగా ఎక్కుతుంది.

"నేర్చుకోవడానికి టైం పడుతుంది, డెడ్‌లైన్ పోతుంది" అంటే?

టైం పడుతుంది. మొదటి వారాల్లో పైథాన్‌లో ఒక పూటలో అయ్యే పనికి రస్ట్‌లో రోజంతా పట్టొచ్చు. పెద్ద ప్రాజెక్టుల్లో కంపైల్ కూడా నెమ్మదే. అందుకే క్లయింట్‌కి తేదీ చెప్పేసిన ఫీచర్‌ని రస్ట్‌లో మొదలుపెట్టకండి. తేదీ లేని పని, ఆలస్యమైనా పాతది నడుస్తూ ఉండే పని ఎంచుకోండి.

"సెక్యూరిటీ టీం ఒప్పుకోదు, బయటి ప్యాకేజీలు ఎక్కువ లాగుతుంది" అన్నారు.

ఆ ఆందోళనలో పస ఉంది, చిన్న రస్ట్ ప్రోగ్రాం కూడా చాలా ప్యాకేజీలు తెచ్చుకుంటుంది. 2021 డిసెంబరులో జావా లాగింగ్ లైబ్రరీ లాగ్‌ఫోర్‌జేలో లోపం బయటపడ్డప్పుడు ఆ లైబ్రరీ ఎక్కడెక్కడ దాగుందో వెతకడానికి జావా టీములు పడ్డ పాట్లు భద్రతవాళ్లకి గుర్తే. కాబట్టి వాళ్లు అడగకముందే పద్ధతి చూపించండి. రస్ట్ ప్యాకేజీలు, బిల్డ్ చూసుకునే పనిముట్టు కార్గో. దాని లాక్ ఫైలు ప్రతి ప్యాకేజీ వెర్షన్‌నీ కట్టిపడేస్తుంది. కార్గో ఆడిట్ ఆ జాబితాని తెలిసిన లోపాల డేటాబేస్‌తో పోల్చి చెబుతుంది. కార్గో డెనీతో అనుమతిలేని లైసెన్సులని బిల్డ్‌లోనే ఆపొచ్చు. ఆఫీసు నెట్‌వర్క్‌లోంచి బయటికి వెళ్లడం కుదరకపోతే కార్గో వెండార్‌తో అన్ని ప్యాకేజీల కోడ్‌నీ మీ రిపాజిటరీలోనే పెట్టుకోవచ్చు. రస్ట్ ప్యాకేజీల్లో చాలావాటికి ఎంఐటీ, అపాచీ 2.0 లైసెన్సులు ఉంటాయి, లీగల్‌వాళ్లకి ఇవి కొత్తవి కావు.

మాది జావా టీం. "జావాలోనే బాగుచేయొచ్చుగా" అంటున్నారు.

చాలాసార్లు వాళ్లదే కరెక్టు. జావా ప్రోగ్రాములు నడిపే జేవీఎం వేగమైనది, గార్బేజ్ కలెక్టర్ సెట్టింగులు మారిస్తేనే తీరే సమస్యలు ఎన్నో ఉంటాయి. జావా నుంచి రస్ట్‌ని పిలవడం పైథాన్ నుంచి పిలిచినంత సులువు కాదు, కాబట్టి విడి సర్వీసుగా పెట్టాల్సి వస్తుంది. అది ఆపరేషన్స్ టీంకి అదనపు భారం. జావా కోడ్ రాయడం విసుగ్గా ఉందన్నదే మీ బాధ అయితే కోట్లిన్ అడగండి. అదే జేవీఎం మీద, అవే లైబ్రరీలతో, జావా ఫైళ్ల పక్కనే నడుస్తుంది. గూగుల్ 2017లో ఆండ్రాయిడ్‌కి దాన్ని అధికారికంగా ఆమోదించింది, 2019 నుంచి మొదటి ప్రాధాన్యం దానికే ఇచ్చింది. మేనేజర్‌కి భయం తక్కువ, మీకు గెలుపు తొందరగా వస్తుంది.

సర్వీసు కంపెనీలో ఉన్నాను. భాష క్లయింట్ నిర్ణయిస్తాడు. నాకు దారే లేదా?

ఉంది, కాస్త పొడవు. ఒప్పందంలో టెక్నాలజీల పేర్లు రాసుంటే వాటిని దాటకండి, రేపు సపోర్ట్ వేరే వెండార్‌కి వెళ్తే వాళ్లకీ ఆ కోడ్ అర్థమవ్వాలి. క్లయింట్‌కి అందని లోపలి పనిముట్లతో మొదలుపెట్టండి: లాగ్ ఫైళ్లు వెతికే టూల్, టెస్ట్ డేటా తయారుచేసే టూల్, మైగ్రేషన్‌కి ముందు ఫైళ్లు సరిచూసే టూల్. వాటివల్ల టీంకి సమయం మిగిలితే, క్లయింట్‌తో చెప్పే అవకాశం మీ డెలివరీ మేనేజర్‌కే వదిలేయండి. తన టీం సాధించినదిగా ఆవిడ చెబితే ఆ మాటకి ఉండే బరువు, మీరు కాల్‌లో మధ్యలో చెబితే ఉండదు.

చెప్పకుండా పెట్టేసి, బాగా నడిచాక చూపిస్తే?

వద్దు. బాగా నడిచినా సరే, "ఇంకేమేం చెప్పకుండా పెట్టాడు?" అన్న ప్రశ్న మిగిలిపోతుంది. నడవకపోతే ఆ ఆఫీసులో రస్ట్ పేరు మళ్లీ ఎవరూ ఎత్తలేరు, మీ తర్వాత వచ్చేవాళ్లు కూడా.

## పైలట్ నడిచేటప్పుడు

మొదటి ముక్క ఎంత ఉండాలి?

ఒక ఫంక్షన్, లేదా ఒక జాబ్. పైథాన్ అయితే పైఓత్రీ, మ్యాచురిన్ అనే రెండు పనిముట్లతో రస్ట్ కోడ్‌ని మామూలు పైథాన్ ప్యాకేజీగా కట్టొచ్చు. వాడేవాళ్లకి అది ఇంకో ఇంపోర్ట్ లైను మాత్రమే. ఆ ముక్క డేటాబేస్‌ని, నెట్‌వర్క్‌ని నేరుగా తాకకపోతే ఇంకా మంచిది: డేటా లోపలికి వెళ్లాలి, ఫలితం బయటికి రావాలి, అంతే.

ఏమేం కొలవాలి?

పాతదీ కొత్తదీ ఒకే మిషన్ మీద, ఒకే డేటాతో, ప్రొడక్షన్ అంత సైజుతో నడపండి. పట్టిన సమయం, గరిష్ఠ మెమరీ, సర్వీసు అయితే నెమ్మదైన ఒక్క శాతం రిక్వెస్టుల సమయం రాసుకోండి. కొలిచేముందు రిలీజ్ మోడ్‌లో బిల్డ్ చేశారో లేదో చూసుకోండి. మామూలు కార్గో బిల్డ్ ఇచ్చేది డీబగ్ బైనరీ, దాని వేగం చూసి "ఇంతేనా" అనుకున్న టీములున్నాయి.

వేగంతో ఆగకండి. నేర్చుకోవడానికి ఎన్ని గంటలు పోయాయి, రివ్యూకి ఎంత పట్టింది, బిల్డ్ ఎన్ని నిమిషాలు పెరిగింది, ఇవి కూడా అదే పట్టికలో పెట్టండి. మంచి అంకెల పక్కన చెడ్డ అంకెలు కూడా కనిపిస్తే మేనేజర్ మొత్తం పట్టికని నమ్ముతారు.

అనుకున్నంత వేగం రాలేదు. ఎందుకు?

పైథాన్, రస్ట్ మధ్య సరిహద్దు దాటడానికి ఖర్చుంటుంది. ప్రతి వరుసకీ ఒకసారి రస్ట్ ఫంక్షన్‌ని పిలుస్తుంటే, ప్రతిసారీ డిక్షనరీని రస్ట్ స్ట్రక్ట్‌గా మార్చడానికే సమయం పోతుంది. మొత్తం బ్యాచ్‌ని ఒకేసారి పంపండి, లూప్‌ని రస్ట్ లోపలికి తీసుకెళ్లండి. అప్పటికీ రాకపోతే ఆ మాట సూటిగా చెప్పి తీసేయండి. చెప్పిన తేదీకి చెప్పినట్టే తీసేసిన మనిషి రెండోసారి అడిగితే వింటారు.

## ఒప్పుకున్నాక

టీంలో మిగతావాళ్లు రివ్యూ చేయడానికి జంకుతున్నారు.

మీ కోడ్‌ని వాళ్ల స్థాయికి తెచ్చి రాయండి. మాక్రోలు, చిక్కు జెనెరిక్స్, లైఫ్‌టైం గుర్తులతో నిండిన ఫంక్షన్లు మొదటి ఏడాది వద్దు. ఒక క్లోన్ (డేటాకి ఇంకో కాపీ) పెడితే కోడ్ సులువుగా చదవగలిగితే క్లోన్ పెట్టండి, ఆ కాస్త వేగం పోయినా నష్టం లేదు. కోడ్ రూపాన్ని సరిచేసే రస్ట్‌ఫ్మ్‌ట్, తప్పుల్ని చూపే క్లిప్పీ బిల్డ్‌లో తప్పనిసరి చేస్తే రూపం మీద వాదనలు ఉండవు. నేర్చుకోవాలనుకునేవాళ్లకి అధికారిక పాఠ్యపుస్తకం, రస్ట్‌లింగ్స్ అభ్యాసాలు రెండూ ఉచితంగా దొరుకుతాయి. వాటికోసం ఆఫీసు వేళల్లోనే గంటలు కేటాయించమని మేనేజర్‌ని అడగండి. ఇంటికెళ్లాక పిల్లల్ని, వంటని చూసుకునేవాళ్లని వీకెండ్లో నేర్చుకోమనడం అన్యాయం.

ఇప్పుడు అందరూ అన్నీ రస్ట్‌లో రాద్దామంటున్నారు. సంతోషించాలా?

ఆపండి. ఈ మాట మేనేజర్ నోటినుంచి రాకముందే మీరు ఆపితే మీ మీద నమ్మకం పెరుగుతుంది. ఏది రస్ట్‌లో రాయొచ్చు, ఏది రాయకూడదు అని అరపేజీ రాసి టీంని ఒప్పించండి. నడుస్తున్న పాత కోడ్‌ని కేవలం భాష మార్చడానికి తిరగరాయకూడదన్నది అందులో మొదటి వాక్యంగా ఉండాలి.

## ఒప్పుకోకపోతే

"వద్దు" అనేశారు. మళ్లీ అడగొచ్చా?

అడగొచ్చు, కానీ ముందు ఆ "వద్దు" దేనికో తెలుసుకోండి. "ఏం మారితే మీరు ఒప్పుకుంటారు?" అని మర్యాదగా అడిగితే చాలామంది చెబుతారు: ఇంకో ఇద్దరు నేర్చుకుంటే, ఈ రిలీజ్ అయిపోతే, సెక్యూరిటీవాళ్లు సరేనంటే. అవి జరిగినరోజు మళ్లీ వెళ్లండి. జరగకముందు వెళ్లకండి.

నిషేధం పడ్డ భాష కథ ఒకటుంది. ఎర్లాంగ్ అనే భాషని 1986 ప్రాంతంలో టెలిఫోన్ పరికరాల కంపెనీ ఎరిక్సన్ ల్యాబ్‌లోనే జో ఆర్మ్‌స్ట్రాంగ్, రాబర్ట్ వర్డింగ్, మైక్ విలియమ్స్ తయారుచేశారు. 1998లో ఎరిక్సన్‌లోని ఒక విభాగం కొత్త ఉత్పత్తుల్లో దాన్ని వాడొద్దంది. ప్రపంచమంతా వాడే భాషలుండగా సొంత భాషని పోషించే భారం మనకెందుకన్నది వాళ్ల వాదన. ఆ ఏడాది చివర్లోనే ఎర్లాంగ్‌ని ఓపెన్ సోర్స్‌గా విడుదల చేశారు. తయారుచేసినవాళ్లలో కొందరు బయటికి వెళ్లి సొంత కంపెనీ పెట్టుకున్నారు. ఆర్మ్‌స్ట్రాంగ్ తర్వాత 2004లో తిరిగి ఎరిక్సన్‌లోనే చేరారు. కొన్నేళ్లకి వాట్సాప్ తన మెసేజింగ్ సర్వర్లని ఆ భాషలోనే నడిపింది. నిషేధించినవాళ్ల అభ్యంతరం భాష నాణ్యత గురించి కాదు, దాన్ని మోసేది ఎవరన్నదాని గురించి. బయట వేలమంది మోయడం మొదలయ్యాక ఆ అభ్యంతరానికి బలం తగ్గింది. మీ మేనేజర్ చెప్పిన "వద్దు"లో కూడా అలా కాలంతో మారే భాగం ఏదో వెతకండి.

ఇక్కడ ఎప్పటికీ కుదరదని తేలిపోయింది. నేర్చుకున్నది వృథానా? ఉద్యోగం మారాలా?

భాష కోసమే ఉద్యోగం మారమని నేను చెప్పను. జీతం, టీం, ఇంటి పరిస్థితులు, అన్నీ చూసుకుని తీసుకోవాల్సిన నిర్ణయం అది. ఆఫీసు బయట రస్ట్‌లో నిజమైన పని చేసే దారులున్నాయి. మీరు రోజూ వాడే రఫ్, యూవీ, పోలార్స్, పైడాంటిక్ ప్రాజెక్టులన్నీ ఓపెన్ సోర్సే. కొత్తవాళ్లకోసం గుర్తుపెట్టిన చిన్న బగ్గులు వీటిలో తరచుగా దొరుకుతాయి. ఆ ప్రాజెక్టుల్లో పని మొదలుపెట్టేముందు మీ ఆఫర్ లెటర్‌లో బయటి పనుల గురించి ఏం రాసుందో ఒకసారి చదవండి. కొన్ని కంపెనీలు ఓపెన్ సోర్స్‌కి కూడా రాతపూర్వక అనుమతి అడుగుతాయి, మామూలుగా ఒక మెయిల్‌తో వస్తుంది. ఆ మెయిల్ మీ మేనేజర్‌కే పంపండి. ఏ ప్రాజెక్టు, మీ టీం దాన్ని ఎక్కడ వాడుతోంది, ఏ బగ్గు సరిచేయబోతున్నారు అన్నవి అందులో రాయండి.